త ఒత్తు లేని స్తుతి

మా మామ పోయాడన్న కబురు నాకు పత్తి బండి మీద వచ్చింది.

ఆదోనిలో మా మిషను బడిలో రెండో తరగతి పిల్లల చేత ఒత్తులు దిద్దిస్తున్నాను. ఎమ్మిగనూరు నుంచి మార్కెట్టుకు పత్తి తోలుకొచ్చిన మనిషి, మా పేటవాడే, బండి వీధిలో నిలిపి, చర్నాకోల చేత్తో పట్టుకునే వాకిట్లో నిలబడ్డాడు.

"టీచరమ్మా, మీ మామ నిన్న పొద్దు మునిగేటప్పుడు పోయినాడు. నేను బండి కడతాంటే మీ అత్త వచ్చి సెప్పింది. నువ్వు వచ్చేదాకా మన్ను ఎయ్యరంట" అన్నాడు. తర్వాత ఎద్దులకు నీళ్లు పెట్టాలని వెళ్లిపోయాడు.

నేను బోర్డు మీద సగంలో ఆపిన మాట పూర్తి చేశాను. పిల్లలు దాన్ని పలకల మీదికి ఎక్కించుకునేదాకా ఆగాను. రాతిగుండె అనుకునేరు. అదేం కాదు, అలసట. ఏడవడానికి కూడా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి. నాకు కొన్నేళ్లుగా తెల్లారి లేచేసరికే అది అయిపోతోంది. పెద్ద టీచరుకు చెప్పి, చీర కూడా మార్చుకోకుండా బస్సు కోసం వెళ్లాను.

సంఘం పెద్దలు మన పత్రికకు ఒక వ్యాసం రాయమని నన్ను ఆరునెలలుగా అడుగుతున్నారు. 'దేవుణ్ని స్తుతించడం ఎందుకు?' అని. పంతులమ్మను గదా, నాలుగు వచనాలు ఏరి కూర్చి రాసిస్తాననుకున్నారు పాపం. నేను జ్వరమని ఒకసారి, పరీక్షలని ఒకసారి తప్పించుకుంటూ వచ్చాను. ఇప్పుడు రాస్తున్నాను. అయితే ఇది వ్యాసం కాదు, మా ఆయన తండ్రి, మా మామ సంగతి. స్తుతి గురించి నాకు తెలిసిన ఆ కాస్తా ఆయన దగ్గర తెలుసుకున్నదే. ఆయన మాత్రం ఆ మాటను చివరిదాకా తప్పుగానే పలికాడు.

మీలో కొందరు ఆయన్ని చూసే ఉంటారు గాని గుర్తుండదు. గుర్తుండే మనిషి కాదు. బక్కపలచగా, నల్లగా, భుజాన ఒక తువ్వాలుతో, నలుగురు నిలబడితే ఐదోవాడిలా వెనక నిలబడేవాడు. బావుల్లోంచి నీళ్లు తోడే కపిలలకు తోలు బొక్కెనలు కుట్టేవాడు. పని లేని రోజుల్లో రెడ్ల చేలల్లో కూలికి పోయేవాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన చేసింది వేరే పని. వీధి భాగోతంలో తిత్తి పట్టేవాడు.

తిత్తి చూడని పిల్లల కోసం చెబుతున్నాను. అది మేకతోలు సంచి. దాన్ని చంకలో పెట్టుకుని, గొట్టం నోట్లో పెట్టుకుని ఊదుతూ, నొక్కుతూ ఒకే ఒక్క స్వరం ఆట ముగిసేదాకా ఆగకుండా పలికించాలి. చదువుకున్నవాళ్లు దాన్ని శ్రుతి అంటారు. మా సీమలో సుతి. వేషగాడు ముందుంటాడు, మద్దెలవాడు పక్కనుంటాడు, తిత్తి పట్టేవాడు అందరి వెనకా ఉంటాడు. మద్దికెర, కృష్ణగిరి, కోడుమూరు, ఆట ఎక్కడ కట్టినా ఆయన వెళ్లాడు. ఏ ఊళ్లోనూ ఆయన ముఖం ఎవరూ చూడలేదు. ఆ రోజుల గురించి అడిగితే ఒకటే మాట చెప్పేవాడు. "యాసగానికి సాలువ, మద్దెలోనికి ముంత, సుతోనికి సద్ది." చెప్పి నవ్వేవాడు. ఆ నవ్వులో ఎవరిమీదా కోపం ఉండేది కాదు. ఉంటే బాగుండునని నాకు అనిపించేది.

పెళ్లయి నేను ఎమ్మిగనూరు వచ్చిన మొదటి ఆదివారం గుడిలో నాకు తల కొట్టేసినట్టయింది. నేను బోర్డింగులో చదివి, ట్రైనింగు పాసైనదాన్ని. నాలుగు గొంతుల్లో కీర్తనలు పాడినదాన్ని. ఆ గర్వం కాస్త ఉండేది, దాచడమెందుకు? మా గుడి మట్టిగోడల గుడి, వాయిద్యం లేదు. ఆరాధన నడిపే ఉపదేశిగారు పాట ఎత్తబోయే ముందు వెనక తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోటి నుంచి, 'ఊఁ...' అని ఒక మూలుగు మొదలైంది. తిరిగి చూశాను. మా మామ. కళ్లు మూసుకుని, తల గోడకు ఆనించి, నోరు మూసుకునే ఆ ఒక్క స్వరం పట్టుకుని కూర్చున్నాడు. పాట మొదలైంది, చరణాలు అయ్యాయి, పాట అయిపోయింది. ఆయన ఒక్క మాట పాడలేదు. ఆ స్వరం మాత్రం చివరిదాకా వదల్లేదు. పెళ్లికొచ్చిన నా స్నేహితురాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఇంటికొచ్చాక మా ఆయన్ని నిలదీశాను. "మీ నాయన అందరి మాదిరి పాట పాడడా?"

"మా నాయన పాట పాడితే సుతి ఎవరు పడతారు?" అన్నాడు ఆయన, అదొక పెద్ద ప్రశ్నే కానట్టు.

అప్పుడు తెలిసింది. ఉపదేశిగారు 'దేవునికి స్తుతి చెల్లించుదము' అన్నప్పుడల్లా మా మామకు వినబడింది 'సుతి'. దేవుడికి సుతి పట్టమంటున్నారని ఆయన అనుకున్నాడు, పట్టాడు. ఇరవై ఏళ్లుగా పడుతున్నాడు. నాకు నవ్వాగలేదు. "రేపే చెప్పి సరిచేస్తాను" అన్నాను. మా ఆయన మాత్రం నవ్వలేదు. "నీకు దండం పెడతా, ఆ ఒక్కటీ సెయ్యొద్దు. మాయమ్మ ఎవర్నీ అననియ్యదు" అన్నాడు. ఎందుకని అడిగితే ఆయనకూ తెలియదు. సరేనని మాటిచ్చాను.

కొన్నాళ్లకు అలవాటైపోయింది. అలవాటు పడ్డాక ఒకటి గమనించాను. బోర్డింగులో మాకు పెద్ద వాయిద్యం ఉండి కూడా పాట మూడో చరణానికి స్వరం తప్పి ఎక్కడికో కొండెక్కేది. ఇక్కడ మావాళ్లు, పగలంతా చేలో వంగి వంగి నడుము విరిగినవాళ్లు, ఎత్తిన చోటే ముగించేవాళ్లు. గుడికి ప్రతి క్రిస్మసుకూ సున్నం కొట్టేవాళ్లు. మా మామ తల ఆనే చోట నూనె మరక నెల తిరక్కుండా మళ్లీ పైకి తేలేది.

ఆయన అన్నం ముందు చేసే ప్రార్థనా అంతే. సంగటి ముద్ద ముందు పెట్టుకుని, కళ్లు మూసి, గుక్కెడు సేపు 'ఊఁ' అని, తినేవాడు. ఒకసారి ఉండబట్టలేక, "ప్రార్థన చేసుకోకుండానే తింటావేం మామా?" అన్నాను.

"చేసినా గదమ్మా."

"ఏం చేశావు? మాటే వినపడలేదు."

"మాటలేల తల్లీ? సంగటి ఇచ్చినోనికి అది సంగటని తెల్దా?" అన్నాడు.

మా ఆయన ఆదోనిలో పత్తి మిల్లులో పనిచేసేవాడు. వారానికొకసారి ఇంటికొచ్చేవాడు. మా పెళ్లయిన నాలుగో ఏడు, ఎండాకాలం, ఒళ్లు కాలిపోతూ వచ్చి పడుకున్నాడు. మూడు రోజులు. నాలుగో రోజు లేడు. ఇంతకంటే ఎక్కువ రాయలేను. మాకు పిల్లలు లేరు.

మట్టి చేసింది గురువారం. ఆదివారం గుడి ఉంటుంది గదా, లోకానికి ఏమైందని? మా అత్త నన్ను లేపి, ముఖం కడిగించి తీసుకుపోయింది. ఉపదేశిగారు ఎప్పటిలాగే పుస్తకం తెరిచి, 'స్తుతి చెల్లించుదము' అన్నాడు. నేను అనుకున్నాను, ఈ ఒక్కరోజైనా ఆ మూల నిశ్శబ్దంగా ఉంటుందని. కొడుకు మీద మట్టి ఇంకా తడి ఆరలేదు. అంతలో వెనక నుంచి 'ఊఁ' అని మొదలైంది. అదే స్వరం. ఒక్క వెంట్రుకవాసి కూడా మారలేదు. నా ఒళ్లంతా మండిపోయింది.

ఇంటికొచ్చాక నేను మామ మీద పడ్డాను. వాకిట్లో రాతి మీద కూర్చుని కాళ్లు దులుపుకుంటున్నాడు. "ఎవరికి మామా ఆ స్తుతి? నీ కొడుకును తీసుకుపోయినందుకా?" అని అరిచాను.

"సుతి పట్టినానమ్మా" అన్నాడు, మెల్లగా.

"సుతి కాదు!" అన్నాను. లోపలికి పోయి నా పలక తెచ్చాను. చూడండి, భర్త పోయిన నాలుగో రోజు కూడా నేను పంతులమ్మనే. ఒక పక్క 'సుతి' అని రాశాను, ఒక పక్క 'స్తుతి' అని రాశాను. ఆయనకు చదువు రాదు, అయినా వేలు పెట్టి చూపించాను. "ఇది నువ్వు పట్టేది. ఇది దేవుడు అడిగేది. రెండూ ఒకటి కాదు. ఇన్నేళ్లూ నువ్వు చేసింది స్తుతే కాదు, మామా. స్తుతి అంటే పొగడడం. కావాలంటే పొగుడు ఇప్పుడు! మంచి పని చేశావని పొగుడు!"

మా అత్త లోపలి నుంచి "మే! మే!" అని నన్ను ఆపడానికి అరుస్తూనే ఉంది. అప్పటికే అయిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేము.

ఆయన పలక వంక చూశాడు. "పొగడడమా?" అన్నాడు.

"పొగడడమే."

"కళ్లంకాడ మేము రెడ్డిని పొగుడుతామే, ఇంగో చేట గింజలు ఎక్కువ ఎయ్యమని. అట్లనా?"

"అట్లనే."

"దేవునికి అదెందుకమ్మా?"

ట్రైనింగులో దానికి జవాబు చెప్పే ఉంటారు, ఆ రోజు ఒక్కటీ గుర్తుకు రాలేదు. "పోయి ఆయన్నే అడుగు" అని పలక అక్కడే పడేసి లోపలికి పోయాను.

మరుసటి ఆదివారం మా మామ ఆ మూలనే కూర్చున్నాడు. తల గోడకు ఆనించాడు. ఉపదేశిగారు ఆ మాట అన్నాడు, ఆగాడు. ఏమీ రాలేదు. ఇంకాసేపు ఆగి తానే పాట ఎత్తాడు. మొదటి చరణం బాగానే నడిచింది. రెండో చరణంలో ఆడవాళ్లు ఒక దారి, మగవాళ్లు ఒక దారి అయ్యారు. మూడో చరణానికి గొంతులు అందక దగ్గులొచ్చాయి. సగంలో ఆపేసి అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొడుకు పోయిన దిగులని అనుకున్నారు. అసలు సంగతి తెలిసింది నాకూ మా అత్తకే. నిజం చెబుతాను, నాకు మొదట కొంచెం తృప్తిగా ఉండింది. నాకు పాట లేనప్పుడు ఈ ఊరికెందుకు అనిపించింది.

ఆ తృప్తి రెండు వారాలు కూడా నిలవలేదు. ఆయన అన్నం ముందు కళ్లు మూసుకోవడం మానేశాడు. తోలు కుడుతూ లోలోపల తీసే ఆ సన్నటి రాగమూ మానేశాడు. ఇంట్లో ఇద్దరు చచ్చినట్టుగా ఉండింది. మూడో ఆదివారం ఆయన అసలు గుడికే రాలేదు. కడుపునొప్పి అన్నాడు. ఆ పొద్దున మా అత్త నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"మే, నీకు సదువుంది గానీ బుద్ధి ల్యాకపాయె. ఆ మాట ఇని గదా మీ మామ ఈ గుళ్లోకి వచ్చింది. అప్పుడెవరో అయ్యగారు పేటకొచ్చి సెప్పినాడు. దేవునికి మీ కోళ్లొద్దు, పొట్టేళ్లొద్దు, మీ కాడ ఆయన అడిగేది సుతి ఒకటేనని. నేనూ ఆణ్నే ఉంటి. మీ మామ ఇంటికొచ్చి మూడు దినాలు తనలో తాను నగుతానే ఉన్న్యాడు. 'యాసం అడగలేదే, పాట అడగలేదే, సుతి అడిగినాడు సూడు. ఆకరోన్ని ముందు పిల్సినాడు సూడు' అని. తిత్తి కూడా ఆ దినమే అటకెక్కిచ్చినాడు, నోరుంది గదా అని. అది తప్పని నాకు ఆ పొద్దే తెల్సు. నగేటోన్ని ఏడిపిచ్చేది ఎందుకని నోరు మూసుకున్న్యా. ఇన్నేండ్లు మూసుకున్న్యా. నువ్వు ఒక్క దినంలో పీకేస్తివి."

మా అత్త అంత పెద్ద మాట అనడం అదే మొదలు, అదే చివర.

నేను లేచి వెళ్లాను. మామ పెరట్లో నానిన తోలు ముందు వేసుకుని ఆరతో తూట్లు పొడుస్తున్నాడు. కడుపునొప్పి ఏమీ లేదు. పక్కన కూర్చుని, "నేను తప్పు చెప్పాను మామా" అన్నాను.

"తప్పేం లేదుమ్మా. అచ్చరాలు నీకు తెల్సు" అన్నాడు. చేయి ఆపలేదు. కాసేపటికి తనే, "ఆ పలక తే. మల్ల రాసి సూపియ్యి" అన్నాడు.

రెండూ పక్కపక్కన రాశాను. ఆయన ముఖం దగ్గరగా పెట్టుకుని చూశాడు. "రెండూ ఒకే మాదిరుండాయే. యాడుంది తేడా?"

"ఇదిగో, ఇక్కడ. ఇదొక్కటే. త ఒత్తు."

"ఏందీ?"

"ఒత్తు మామా. స కింద త ఒత్తు."

ఆయన ఆర కింద పెట్టాడు. "ఒత్తా?" అన్నాడు. ముఖం మారిపోయింది. కొడుకు పోయాక మొదటిసారి నవ్వాడు, భుజాలు కదిలేట్టు నవ్వాడు. "ఓ యమ్మా! సన్నాయోళ్లు సుతిని ఏమంటారో తెల్సునా నీకు? ఒత్తు అంటారు! ముందర ఒకడు సన్నాయి వాయిస్తాంటే, ఎనక ఒకడు ఒత్తు ఊదుతాడు. ఒత్తన్నా సుతే, సుతన్నా సుతే. మీ సదువుకున్నోళ్లు సుతి కింద ఇంగో సుతి పెట్టినారే గానీ, యాడికి పోయినారు?"

నేనూ నవ్వాను. నవ్వుతూనే అడిగాను, ఎందుకంటే అది నన్ను వదలడం లేదు. "సుతో, స్తుతో, ఏదో ఒకటి. ఆయనకెందుకు మామా? నువ్వే అడిగావు గదా."

"అడిగినా. నువ్వు పొమ్మంటివి గదా, ఆయన్నే అడిగినా" అన్నాడు. నేను తలవంచుకున్నాను. "ఆయనకెందుకమ్మా? ఆయన సుతి తప్పుతాడా? తప్పేటోళ్లం మనం. ఆటలో యాసగాడు ఏడుస్తాడు, కొట్లాడతాడు, గొంతు పోగొట్టుకుంటాడు. మల్ల పాట అందుకోవల్లంటే వానికొక తావు ఉండల్ల. ఆ తావు కోసరం సుతి. ఉన్నన్నాళ్లూ అది ఉందని ఎవురికీ తెల్దు. పాట ఇడిసినోడు ఎనక్కి వస్తాడు సూడు, వానికి తెలుస్తాది."

తోలు తిరగేసి మళ్లీ ఆర అందుకున్నాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు. "ఆ ఆదివారం నువ్వేమనుకుంటివో నాకు తెల్దు. నా బిడ్డ పోయినాక నాకు పాట యాడిది, మాట యాడిది? నోట్లో మిగిలింది ఆ ఊఁ ఒకటే. దాన్ని తీసకపోయి ఆడ పెట్టినా. ఏడుపంటే ఏడుపు, సుతంటే సుతి. ఆయన ఏదనుకున్న్యా సరే."

నేను ఆ పెరట్లో, ఆ పచ్చితోలు వాసనలో, మా ఆయన పోయాక మొదటిసారి సరిగ్గా ఏడ్చాను. మామ కుడుతూనే ఉన్నాడు. కాసేపటికి ఆయన గొంతులో ఆ సన్నటి రాగం మళ్లీ మొదలైంది.

మరుసటి ఆదివారం ఆయన తన మూలకు వచ్చాడు. పాట ఎత్తిన చోటే ముగిసింది. అంతటితో నేను కూడా మారిపోయి నోరారా పాడానని రాస్తే బాగుండేది. మన పత్రికలో వచ్చే సాక్ష్యాలన్నీ అలాగే ముగుస్తాయి. నేను పాడలేదు. గుడికి పోయాను, కూర్చున్నాను, పెదవి విప్పలేదు. ఒక ఏడు కాదు, తొమ్మిదేళ్లు. నాకు దేవుడి మీద కోపం కూడా లేదు. కోపానికీ ఓపిక ఉండాలి. ఊరికే, రావడం లేదు.

దానికి చాలామంది చాలా చెప్పారు. మామ ఒక్కసారి కూడా పాడమని అడగలేదు. ఒకసారి మాత్రం, గుడి నుంచి వస్తూ దారిలో, నేనేమీ అడగకుండానే, "పాడకపోతే పాడకపో తల్లీ. సుతి ఉంది. అది యాడికీ పోదు" అన్నాడు. అని, దారిలో ఎవరిదో మేక కనబడితే దాని తోలు గురించి మాట్లాడాడు.

తర్వాత నన్ను ఆదోనికి మార్చారు. యుద్ధం రోజులు. కిరసనాయిలు లేదు, బట్ట లేదు, బియ్యం కోసం బారులు. తరగతిలో అరవై మంది. నెలకొకసారి మామ ఏదో ఒక బండి పట్టుకుని ఒక మూట జొన్నలో, నాలుగు దోసిళ్ల శెనక్కాయలో తెచ్చేవాడు. ఒకసారి వచ్చేసరికి పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు. అరవై గొంతులు, అరవై దారులు. నేను బెత్తంతో బల్ల మీద కొట్టీ కొట్టీ చేయి పడిపోయి ఉన్నాను. ఆయన గుమ్మంలో చెప్పుల పక్కన కూర్చుని, అలవాటు చొప్పున, మెల్లగా సుతి పట్టాడు. పిల్లలు కిసకిసమన్నారు. ఆ తర్వాత ఏడో ఎక్కం పాటలాగా ఒక్క గొంతుతో సాగింది. నేను బెత్తం కింద పెట్టి కుర్చీలో కూర్చున్నాను. ఆ నెలంతటిలో నేను కూర్చున్నది ఆ కాసేపే.

ఈ రెండేళ్లుగా ఆయనకు ఆయాసం. సుతి మధ్యలో తెగేది. నేను సెలవులకు పోయినప్పుడు చూశాను. ఊపిరి అందక ఆయన ఆగితే, పక్కన కూర్చున్న మనిషి ఎవరో ఒకరు ఆ స్వరం అందుకుని, ఆయన తేరుకునేదాకా పట్టి ఉంచేవాళ్లు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ నేర్పలేదు. వెనక వరసల్లో సగం మందికి ఆ పని వచ్చేసింది. ఒకప్పుడు నవ్విన కుర్రకారుకు కూడా. మామ కళ్లు తెరిచి, వాళ్లను చూసి, తల ఊపి, మళ్లీ మూసుకునేవాడు.

పెట్రోలు దొరక్క బస్సు ఇప్పటికీ బొగ్గుతోనే నడుస్తోంది. దారిలో రెండుసార్లు ఆగింది. నేను ఎమ్మిగనూరు చేరేసరికి పొద్దు వాలింది. మామను వాకిట్లో, ఆయన కాళ్లు దులుపుకునే రాతి పక్కనే పడుకోబెట్టారు. మా అత్త నన్ను పట్టుకుని ఏడవలేదు. "సంగటి తినేకి కూసున్న్యాడు మే. కండ్లు మూసినాడు. నేను సుతి అయ్యేదాకా ఉంటిని. ఎంతసేపటికీ కండ్లు తెరవలేదు" అంది.

సమాధుల దొడ్డిలో గుంత సిద్ధంగా ఉంది. దింపారు. ఉపదేశిగారు పుస్తకం తెరిచాడు. ఆయనా ముసలివాడైపోయాడు. "దేవునికి..." అన్నాడు. పుస్తకం మూసి తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. నేను అనుకున్నాను, ఇక పాట కూడా ఉండదు, సుతి పట్టే మనిషే గుంతలో ఉన్నాడు అని.

అప్పుడు వెనక నుంచి 'ఊఁ' అని వచ్చింది. ఎవరో ఒక మనిషి. ఇంకొకరు కలిశారు. తర్వాత ఆడవాళ్లలో నుంచి. ఒకరి ఊపిరి తెగితే ఇంకొకరు అందుకుంటున్నారు. కాసేపట్లో ఆ దొడ్డిలో ఉన్నవాళ్లంతా అదే స్వరం మీద నిలబడి ఉన్నారు. పాట ఎత్తేవాళ్లు మాత్రం లేరు. అందరూ సుతే పడుతున్నారు, అందరూ ఎవరో పాడతారని చూస్తున్నారు. నేను కూడా చూశాను. ఎంతసేపు చూశానో తెలియదు. వాళ్లు ఆపలేదు. ఆపరని అర్థమైంది. అది యాడికీ పోదు అన్నాడు గదా.

నేను నోరు తెరిచాను. బోర్డింగులో ఏడేళ్ల వయసులో నేర్చుకున్న కీర్తన, మాటలు మరిచిపోయాననుకున్నది. గొంతు తుప్పుపట్టిన గిలకలా కీచుమంది. మొదటి చరణం ఎలాగో అయింది. రెండో చరణంలో ఏడుపు వచ్చి పడింది, పాట నా చేతిలోంచి జారిపోయింది. ఆగిపోయాను. సుతి ఆగలేదు. నేను వదిలిన చోటే, కొంచెం కూడా జరగకుండా, నా కోసం ఉంది. ముక్కు తుడుచుకుని మళ్లీ అందుకున్నాను. చివరి చరణం దాకా పాడాను. ఎవరిని పొగిడానో, ఎందుకు పొగిడానో పెద్దలు ఇప్పుడు అడిగినా నేను చెప్పలేను. నిలబడడానికి తావు దొరికింది, నిలబడ్డాను.

పాట అయిపోయింది. తలా పిడికెడు మట్టి వేసి జనం ఇళ్లదారి పట్టారు. మా అత్తను నడిపించుకుంటూ దొడ్డి గవిని దాకా వచ్చి వెనక్కి చూశాను. గుంత పూడ్చిన ఇద్దరు మనుషులు బిందె ఒంచుకుని పారలు కడుక్కుంటున్నారు. పొద్దు పోతోందని తొందర తొందరగా కడుగుతున్నారు. పాట అయిపోయిన సంగతి వాళ్లకు తెలిసినట్టు లేదు. ఇద్దరూ వంగి, బురద రుద్దుతూ, ఇంకా సుతి పట్టే ఉన్నారు.